అడ్రస్‌లో అవ్వ పేరు

ధర్మవరంలో మగ్గం నేస్తున్న తండ్రి పక్కన కూతురు ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. తమ చీరల వెబ్‌సైట్‌లో అవ్వ గురించి తాను రాసిన వ్యాసం పెడుతోంది.

"ఏం పేరు పెట్టినావమ్మా?"

"'హనుమక్క నేసిన చీరకు నలభై ఏండ్లు' అని, నాయనా. వెబ్ అడ్రస్‌లో తెలుగు పెడితే, ఎవరికన్నా పంపినప్పుడు అర్థంకాని గుర్తులన్నీ పడతాండాయి. అందుకే అడ్రస్ మటుకు ఇంగ్లీషులో 'ధర్మవరం పట్టుచీర నలభై ఏండ్లు' అని పెట్టినా."

"మీ అవ్వ పేరు యాడ పోయింది?"

"జనం వెతికేది ధర్మవరం చీర అని. హనుమక్క అని ఎవరు కొడతారు?"

"తెలిస్తే కదా కొట్టేది. బతుకంతా ఆమె నేసింది, చీరల అట్టపెట్టెల మీద అమ్మే షావుకారు పేరే ఉన్నింది."

కూతురు తాను పెట్టిన అడ్రస్‌ను మళ్లీ ఒకసారి చదువుకుంది.

"పేజీ పెట్టినాక ఆ అడ్రస్ మార్చుకోవచ్చా?"

"మార్చకూడదు నాయనా. మారిస్తే, ముందే లింకు దాచిపెట్టుకున్నోళ్లకు పేజీ దొరకదు."

"అయితే అవ్వ పేరు ఇప్పుడే పెట్టు."

"పెడతాలే. వెతికే మాటలు ముందుండాల, అవ్వ పేరు చివర్న వస్తాది."

"రానీ. చీరకు కొంగు గూడా చివర్నే ఉంటాది. కట్టుకుంటే అందరూ ముందు చూసేది దాన్నే."