ఐలి హేక్కినెన్ ఇంటి ముందు కాలిబాట పగలగొట్టిన విషయం

నా పేరు రైనో కోస్కెలా. వయసు అరవై మూడు. మిషిగన్ రాష్ట్రం ఉత్తర కొసన ఆల్డర్ బేలో ఉంటాను. ముప్పై ఎనిమిదేళ్లుగా కాలిబాటలూ, మెట్లూ, పెరటి చప్టాలూ పోయడమే నా పని. ఇంతకుముందు నా మీద ఏ కేసూ లేదు. ఫిబ్రవరి మూడో తేదీ ఉదయం హిల్ వీధిలో ఐలి హేక్కినెన్ ఇంటి ముందు కాలిబాటను సమ్మెటతో పగలగొట్టింది నేనే. తాగి లేను. ఆ బాట పోసిందీ నేనే. ఎందుకు పగలగొట్టావని పోలీసు డెప్యూటీ ట్రెంబ్లే గారు అడిగారు కాబట్టి మొదటినుంచీ చెబుతున్నాను.

ఐలి నాకు చుట్టం కాదు. మా అమ్మ స్నేహితురాలు. ఎనభై ఒక్కేళ్ల మనిషి, ఒంటరిగా ఉండేది. చిన్నప్పటినుంచీ అత్తా అనే పిలిచేవాణ్ణి. ఆమె పాత బాట పగుళ్లిచ్చిందని, ఆగస్టులో కొత్తది పోస్తానని మాటిచ్చాను. మా వైపు కాంక్రీటు పని సెప్టెంబరు దాటకూడదు. చలి ముదిరేలోగా అది గట్టిపడాలి. ఈలోగా సరస్సు ఒడ్డున ఒక హోటలు వాళ్ల చప్టా పని తగిలింది. పెద్ద పని. అత్త పనిని వెనక్కి నెట్టాను. చివరికి ఆమె బాట పోసింది అక్టోబరు పంతొమ్మిదిన. చలి తగలకుండా మీద గడ్డి పరిచి దుప్పట్లు కప్పాను. ఆలస్యమైందని నాకు తెలుసు. ఆమెతో అనలేదు.

మంచు కరిగి కాలు జారకుండా మా వైపు బాటల మీద ఉప్పు చల్లుతారు. కొత్త కాంక్రీటు మీద మాత్రం మొదటి చలికాలం చల్లకూడదు. ఉప్పుకి కరిగిన మంచు నీళ్లు లోపలికి దిగి మళ్లీ గడ్డకట్టి పై పొరను పొలుసులుగా లేపేస్తాయి. ఈ పనిలో ఉన్నవాడెవడైనా ఇదే చెబుతాడు. కానీ మరీ జారుతుంటే మాత్రం వేసుకోండి, మనిషికంటే బాట ఎక్కువ కాదు అని కూడా చెబుతాడు. నేనది చెప్పలేదు. అంతకుముందు ఏడాది నేను పోసిన చర్చి మెట్లు పొలుసులు లేచాయి. కాఫీ కొట్లో నన్ను బతకనివ్వలేదు. కోస్కెలా మెట్లెక్కితే బూట్లకు మెట్లే అంటుకొస్తాయని ఒకటే ఎగతాళి. ఒళ్లు మండిపోయేది. ఇంకోసారి ఆ మాట పడకూడదనుకున్నాను.

అందుకే దుప్పట్లు తీసిన రోజు గట్టిగా చెప్పాను. “అత్తా, ఈ చలికాలమంతా ఇసుకే చల్లు. ఉప్పు గింజ పడిందా, నా పూచీ ఉండదు.”

“సూపులోనన్నా వేసుకోనిస్తావట్రా?” అంది.

నేను నవ్వలేదు. ఆమె నా మొహం చూసి, “సరేలే. నీ పరువు నా గుమ్మం ముందు పరిచావు. జాగ్రత్తగానే చూసుకుంటాలే,” అంది.

జనవరి పద్నాలుగున తెల్లవారుజామున వాన పడి, పడ్డది పడ్డట్టే గడ్డకట్టింది. పదకొండు గంటలకు ఉత్తరాలు తెచ్చినామె అత్తను బాట మీద చూసింది. అప్పటికే ప్రాణం లేదు. తుంటి విరిగి లేవలేక, చలికి పోయిందన్నారు. పక్కన ఇసుక డబ్బా ఉంది. గుమ్మం నుంచి సగం దాకా ఇసుక చల్లింది. చల్లింది ఎక్కడ ఆగిందో అక్కడే పడింది. కూతురు కారిన్ కొనిచ్చిన ఉప్పు మూట వసారాలో కుట్టు విప్పకుండా ఉంది. అంత్యక్రియల రోజు కారిన్ నా చెయ్యి పట్టుకుని, ఉప్పు వేసుకోమని తను ఎంత పోరినా రైనోకి మాటిచ్చానని అమ్మ వినలేదని చెప్పింది. నన్ను నిందించడానికి అనలేదు. మామూలుగానే అంది. తర్వాత ఇంటికి తాళం వేసి, తనుండే గ్రీన్ బేకి వెళ్లిపోయింది.

జనవరి ఇరవై రెండున ఉదయం ఏడున్నరకు కాఫీకి వెళుతూ ఆ ఇంటి ముందు ఆగాను. రాత్రి కొత్త మంచు పడింది. బాట ఊడ్చి ఉంది. గుమ్మం నుంచి ఇసుక చల్లి ఉంది. మధ్యలో ఆగిపోయింది. మంచు మీద ఎక్కడా అడుగుజాడలు లేవు. టేపు తీసి కొలిచాను, అలవాటు. పదకొండు అడుగుల నాలుగంగుళాలు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పదకొండు అడుగుల నాలుగంగుళాలు. ఆకతాయి పిల్లల పని కావచ్చు కదా అని డెప్యూటీ గారు అడిగారు. అత్తకు కుడి భుజం పైకి లేచేది కాదు. ఎడం చేత్తో చల్లేది. ఇసుక ఒక పక్కనే ఒత్తుగా పడేది. ఇదీ అలాగే పడింది. అది ఏ పిల్లలకు తెలుసు? మీ స్టేషనుకు ఫోను చేసి ఏమని చెప్పను? భయం వేసింది. భయం కంటే, ఆమె ఇంకా ఆ చలిలో ఉందే అన్నది తట్టుకోలేకపోయాను.

ఫిబ్రవరి ఒకటిన నేనే ఒక ఉప్పు మూట తీసుకెళ్లి బాటంతా చల్లాను, గుమ్మం నుంచి వీధి దాకా. పైకే అన్నాను. “అత్తా, నేనే వేశాను. పాడైతే పాడవనీ. ఇంక లోపలికి పో.”

రెండో తేదీ ఉదయం చూస్తే ఉప్పు ఒక్క గింజ లేదు. అంతా ఊడ్చి పక్కన మంచు మీద కుప్ప పోసి ఉంది. చీపురు గీతలు కనిపిస్తున్నాయి. కుప్ప చుట్టూ అడుగుజాడలు లేవు. బాట మీద మళ్లీ ఇసుక. ఈసారి కొలవలేదు.

ఆ బాట ఉన్నంతకాలం ఆమె దాన్ని కాపాడుతూనే ఉంటుందని నాకర్థమైంది. మూడో తేదీ ఎనిమిదీ పదికి సమ్మెట తీసుకుని వెళ్లాను. పక్కింటి డేల్ రువోనా బయటికొచ్చి, “ఏంటిది రైనో, అది నీ పనేగా,” అన్నాడు. “అందుకే,” అన్నాను. అతను మీకు ఫోను చేశాడు, తప్పులేదు. పగలగొట్టడానికి దాదాపు రెండు గంటలు పట్టింది. సమ్మెట వెనక్కి ఎగిరొచ్చింది. అంత గట్టిగా పట్టింది ఆ కాంక్రీటు. ఉప్పు వేసినా మహా అయితే పైన కాస్త రేగేది. దాని కోసమా అనుకుంటూ కొట్టాను.

నాలుగో తేదీనా, ఇవాళా వీధిలోంచి చూశాను. ముక్కల మీద మంచు పడి ఉంది. ఇంకేమీ లేదు.

కారిన్ ఫిర్యాదులో రాసిన నష్టమంతా ఒప్పుకుంటున్నాను. కానీ అందులో కాలిబాట గురించే ఉంది. వాళ్లమ్మ గురించి నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, మీరూ అడగలేదు. జనవరి పద్నాలుగున ఆరు గంటలకు కిటికీలోంచి వాన గడ్డకట్టడం చూశాను. అత్త గుర్తొచ్చింది. ఈ ఒక్కరోజుకు ఉప్పు వేసుకో అని చెబుదామని ఫోను చేతిలోకి తీసుకున్నాను, నంబరు కూడా సగం నొక్కాను. చర్చి మెట్లు గుర్తొచ్చి పెట్టేశాను. ఇది కూడా రాసుకోండి.

ఇదంతా నా నోటితో నేను చెప్పినదే. నన్నెవరూ బెదిరించలేదు, ఏ ఆశా పెట్టలేదు. డెప్యూటీ గారు చదివి వినిపించారు, నేను ఒక్క మాట కూడా మార్చమనలేదు. నిజమని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

(సంతకం) రైనో కోస్కెలా
ఫిబ్రవరి 5, ఉదయం 10.40