ఐదు పౌన్ల పదకొండు ఔన్సుల తుపాకీ

"అంకుల్, బేస్‌మెంట్‌లో ఫర్నేస్ వెనకాల ఆ పొడుగు పెట్టె ఏంటి? ఆంటీని అడిగితే మిమ్మల్నే అడగమన్నారు."

ఆ పెట్టా? మీ ఆంటీ అలాగే అంటుందిలే. కూర్చో. తుపాకీ అమ్మా అది. రైఫిలు, జింకల్ని కొట్టేది. అట్లా చూడకు, లోపల గుండ్లేం లేవు, బోల్టు తీసేసి విడిగా తాళం వేసి పెట్టా. కొన్నది కాదు. నేను చేసిందే. ఈ ఇంట్లోనే, కింద నువ్వు వాషర్‌లో బట్టలేస్తావే, ఆ మూల. గుడ్డు కూడా ముట్టని మూర్తి అంకుల్ తుపాకీ చేశాడా అని నవ్వొస్తోంది కదూ? నవ్వు, పర్లేదు. ఫోన్‌లో రికార్డ్ చేస్తున్నావా? చెయ్యి. నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలా.

రాన్ అని ఉండేవాడు. మా ప్లాంట్‌లోనే, టూల్ రూమ్‌లో. డైలు చేసేవాడు, అదే, రేకుని నొక్కి కారు తలుపు చేసే అచ్చులు. నేను డెబ్బై తొమ్మిదిలో వచ్చా ఇక్కడికి... కాదు కాదు, ఎనభైలో. డెబ్బై తొమ్మిదిలో మా పెద్ద బావ వచ్చాడు టొలెడోకి, ఆ మరుసటేడు నేను. కార్లో పోసే గ్యాస్ గ్యాలన్ డాలరు దాటిందని జనం లబోదిబోమంటున్న రోజులు. ఇప్పుడు నాలుగు పెట్టి మాట్లాడకుండా కొట్టించుకుంటున్నాం. సోనామసూరి అన్న మాటే లేదు, చైనా వాళ్ళ కొట్లో ఏ బియ్యం దొరికితే ఆ బియ్యం. ఏం చెప్తున్నా? ఆ, రాన్. మొదటి చలికాలం నా కారు మంచులో జారి పక్కన కాలవలో దిగబడింది. ఈయన ట్రక్కు ఆపి, గొలుసేసి పైకి లాగాడు. రేపు మళ్ళీ పడతాడు వీడు అనుకున్నాడో ఏమో, ఆదివారం ఓ ఖాళీ పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్ళి మంచులో డ్రైవ్ చెయ్యడం నేర్పాడు. అదీ మొదలు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు నాకు అన్నదమ్ముడైనా స్నేహితుడైనా అతనే.

ఇక్కడ నవంబరు పదిహేను అంటే ఏంటో నీకు తెలుసుగా? జింకల సీజన్ మొదలు. ఆ రోజుల్లో ప్లాంట్‌లో సగంమంది రారు, ఎవరూ అడగరు కూడా. రాన్ వాళ్ళ నాన్నతో పన్నెండో ఏట నుంచి నార్త్‌కి, అదే ఆ పైన అడవుల్లోకి, వెళ్తున్నాడు. తగరపు రేకుల కేబిన్ ఒకటి, కట్టెల పొయ్యి ఒకటి, అంతే. జింక దొరికిందా లేదా అన్నది కాదమ్మా అతనికి. తెల్లారకముందే చెట్ల మధ్య కూర్చుని మంచు మీద వెలుగు రావడం చూడాలి. "మూర్తీ, నాకు చర్చి అదే" అనేవాడు.

ఇక నా ఉద్యోగం. వెయిట్ రిడక్షన్. సీటు ఫ్రేముల్లో, తలుపు బిజాగరీల్లో గ్రాములు తియ్యడం. ఇరవై ఆరేళ్ళు అదే పని. బండి బరువు తగ్గితే మైలేజీ పెరుగుతుంది, మేనేజర్లు చప్పట్లు కొడతారు. చెప్పొద్దూ, నాకా పిచ్చి ఇంట్లో కూడా ఉండేది. మీ ఆంటీ కుక్కర్ మూత చేతిలోకి తీసుకుని, ఇందులో నలభై గ్రాములు దండగ అనేవాణ్ణి.

రెండువేల తొమ్మిదిలో తీసేశారు. నీకు తెలిసే ఉంటుంది, ఆ ఏడు ఈ ఊళ్ళో ఎవర్ని మిగిల్చారు గనక. ఓ శుక్రవారం పొద్దున పిలిచి, సామాన్లు సర్దుకొమ్మని అట్టపెట్టె చేతిలో పెట్టారు. అరవయ్యో ఏడు నాకు. ఇంటికొచ్చి ఆ కుర్చీలో, అదిగో ఆ కిటికీ పక్కది, దాంట్లో కూర్చున్నా. బ్లైండ్స్ వేసుకుని కూర్చున్నా. గడ్డం గీసుకోలా, పేపర్ చూడలా. చచ్చిపోవాలని లేదు గానీ, బతకాలని కూడా లేదమ్మా. నిజం చెప్తున్నా.

మరుసటేడు మార్చిలో అనుకుంటా, రాన్ వచ్చాడు. అప్పటికే రిటైరయ్యాడు. కుడి భుజానికి ఆపరేషన్ అయింది, జీవితమంతా బరువులెత్తిన భుజం. ఊపిరితిత్తులు కూడా సరిగ్గా లేవు, పది మెట్లెక్కితే ఆగి నిలబడేవాడు. కిందటి సీజన్‌కి బయల్దేరాడు గానీ వెళ్ళలేకపోయాడు. వాళ్ళ నాన్న తుపాకీ తొమ్మిది పౌన్ల పైన, మోసుకుని నడవలేక దారిలోంచే వెనక్కొచ్చాడు. నా ఎదురుగా కూర్చుని, "మూర్తీ, నువ్వు అన్నిట్లోంచీ బరువు తీస్తావుగా. నాకో తేలిక తుపాకీ చేసిపెట్టు. ఇంకొక్కసారి వెళ్ళొస్తా" అన్నాడు.

ఆ సాయంత్రం గడ్డం గీసుకున్నా.

ఏం పని చేశామనుకున్నావ్! యాక్షన్ అంటారు, బోల్టు వెనక్కి లాగి ముందుకు తోస్తామే, ఆ భాగం, పాతది ఒకటి కొన్నాం. సన్నటి బ్యారెల్, అదే గొట్టం, పక్క ఊళ్ళో తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ చేత బిగించాం. అది మట్టుకు నేను ముట్టుకోలా, ప్రాణాలతో పని. భుజానికి ఆనించే కర్ర, స్టాక్ అంటారు, అది నేనే చేశా. కర్రతో కాదు, లోపల గట్టి ఫోము, పైన కార్బన్ ఫైబర్ గుడ్డ. గుడ్డ పరచడం, రెసిన్ జిగురు పుయ్యడం, ఎండనివ్వడం, గీకడం. స్క్రూలు టైటేనియంవి తెప్పించా. ప్రతి ముక్కా కాటా మీద పెట్టడం, రాసుకోవడం. కాటా ఎవరిదనుకున్నావ్, మీ ఆంటీది. ఆవకాయకి ఆవపిండి, కారం తూచుకునేది. ఓ రోజు చూసేసి, "జింకని చంపేదాన్ని తెచ్చి నా ఆవపిండి కాటా మీద పెడతారా!" అని ఇల్లు పీకి పందిరేసింది. కానీ మనసులో సంతోషమే, మొగుడు కుర్చీలోంచి లేచాడు కదా.

గుండు మాత్రం పెద్దదే. వాళ్ళ నాన్న కాలం నుంచీ వాడేదే కావాలన్నాడు, బేస్‌మెంట్ నిండా డబ్బాలున్నాయి అతనికి. ఇదిగో, ఇక్కడ విను. గుండు అదే ఉండి తుపాకీ బరువు తగ్గితే ఏమవుతుంది? వెనక్కి తన్నేది పెరుగుతుంది. ఇంటర్మీడియట్ ఫిజిక్స్. నాకు తెలియదా? తెలుసు. లెక్క కూడా కట్టా. పాత తుపాకీ కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు వచ్చింది. కాగితం మడిచి పక్కన పెట్టేశా. జింక కనపడ్డప్పుడు ఒక్క షాటేగా, ఆ ఊపులో తన్ను ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నా. వెనక రబ్బరు ప్యాడ్ కూడా పల్చటిది వేశా. మందపాటిదేస్తే మూడు ఔన్సులు ఎక్కువవుతుంది కదా. తాడు తెగేదాకా లాగొద్దంటారు, నేను వింటేగా.

గురి చూసే స్కోపుతో కలిపి ఐదు పౌన్ల పదకొండు ఔన్సులు. ఆ అంకె చూసి, సిగ్గులేకుండా చెప్తున్నా, ఏడ్చా.

అప్పటికి దసరా వచ్చింది. మా నాన్న రైస్ మిల్లులో మెకానిక్. విజయదశమికి స్పానర్లన్నీ కడిగి, గంధం, కుంకుమ పెట్టి, మిల్లు చక్రం కింద నిమ్మకాయ పెట్టేవాడు. ఆ రోజు పనిముట్టు మనకి దేవుడు. గుడికి తుపాకీ తీసుకెళ్తే పోలీసులొస్తారు, అందుకని ఇంట్లోనే అమ్మవారి ముందు పెట్టా. మీ ఆంటీ కాసేపు గొణిగి, పాండవులు జమ్మిచెట్టు మీద దాచలేదా ఏం, అని తనే సర్దుకుని బొట్టు పెట్టింది. రాన్, వాళ్ళావిడ జూడీ భోజనానికొచ్చారు. పులిహోర తిని, చెమటలు తుడుచుకుంటూ, తుపాకీ తీసుకుని భుజానికి ఆనించాడు. రెండుసార్లు ఆనించాడు. తర్వాత మెల్లిగా, చాలా మెల్లిగా అడిగాడు. "మూర్తీ, వెనక ఇంకొంచెం మందం ప్యాడ్ వేసి, లోపల ఓ పౌను సీసం పోస్తే ఎలా ఉంటుందంటావ్?"

నా ప్రాణం ఉసూరుమంది. ఏడు నెలలు గ్రాము గ్రాము తీస్తే, పౌను తిరిగి పొయ్యమంటాడా! నేనేమన్నానో తెలుసా? "రాన్, ఇవాళ దీనికి పూజ అయింది. పూజయిన పనిముట్టుకి ఇంక ఉలి తగలకూడదు, మా ఆచారం" అన్నా. ఏ శాస్త్రంలో ఉందమ్మా అది? నా బొంద శాస్త్రం. మా నాన్న పూజ అయిన మర్నాడే మిల్లు విప్పి రిపేర్ చేసేవాడు. నా ఔన్సులు కాపాడుకోవడానికి అమ్మవారిని అడ్డం పెట్టుకున్నా. రాన్ వెంటనే తల వంచి, చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని, "సారీ, నాకు తెలియదు" అన్నాడు. ఇంక జన్మలో ఆ మాటెత్తలా.

రెండు వారాలకి రేంజ్‌కి, అదే తుపాకులు కాల్చి చూసుకునే చోటికి, వెళ్ళాం, గురి సరిచెయ్యడానికి. ఒక్క షాటు అనుకున్నాగా నేను? స్కోపు సరిగ్గా రావాలంటే చాలా కాల్చాలి. పందొమ్మిది కాల్చాడు. నేను వెనక నిలబడి బైనాక్యులర్స్‌లో కాగితం మీద చిల్లులు చూస్తున్నా. ప్రతిసారీ "ఎలా ఉంది?" అంటా, "గుడ్, మూర్తీ" అంటాడు. నువ్వూ ఒకటి కాల్చమన్నాడు. నేను శాకాహారిని, నా చేత్తో కాల్చనన్నా. పెద్ద ధర్మరాజుని. అయిపోయాక ట్రక్కు తాళాలు నాకిచ్చి నువ్వు డ్రైవ్ చెయ్యి అన్నాడు. ఆ ట్రక్కు జూడీకి కూడా ఇచ్చేవాడు కాదు. నాకెంత మర్యాద చేశాడో అని మురిసిపోయా. చెయ్యి ఎత్తలేకపోతున్నాడని నా బుర్రకి తట్టలేదు.

రెండ్రోజులకి జూడీ ఫోన్ చేసింది. గరాజ్ మెట్ల మీద పడ్డాడు, భుజంలో పాత కుట్టు తెగింది, మళ్ళీ ఆపరేషన్ అని. గోరుచుట్టు మీద రోకటిపోటు అనుకుని జాలిపడ్డా. ఆ నవంబరు పదిహేనున అతను చేతికి పట్టీ కట్టుకుని కిచెన్ కిటికీ దగ్గర కూర్చుని ఉంటే, నేను వెళ్ళి, "దిగులుపడకు, వచ్చే ఏటికి బోల్టులోంచి ఇంకో రెండు ఔన్సులు తీస్తా" అన్నా. అన్నానమ్మా ఆ మాట. నా మొహం చూసి, "ష్యూర్, మూర్తీ" అన్నాడు.

మరుసటేటికి ఆక్సిజన్ పెట్టారు. ఆ పైయేడు ఏప్రిల్‌లో పోయాడు. నార్త్‌కి మళ్ళీ వెళ్ళనేలేదు.

కార్యక్రమాలన్నీ అయ్యాక జూడీ ఆ పెట్టె తీసుకుని వచ్చింది. కోపంగా కాదు. కాఫీ తాగుతూ చెప్పింది. అతను మెట్ల మీద పడలేదట. రేంజ్ నుంచి వచ్చేసరికి భుజం నుంచి మోచేతి దాకా నల్లగా కమిలిపోయి ఉందట. మూడో షాటుకే ఏదో తెగినట్టు తెలిసిందట. మరి ఆపలేదేం, మూర్తికి చెప్పలేదేం అని ఈవిడ కేకలేస్తే, "వాడు ఇప్పుడే లేచి నిలబడ్డాడు జూడీ, నేను మళ్ళీ కూర్చోబెట్టను" అన్నాడట.

మొహమాటం మనవాళ్ళ రోగం అనుకునేవాణ్ణి. ఎదుటివాడు నొచ్చుకుంటాడని తిన్నది అరక్కపోయినా బాగుందనడం మనకే వచ్చనుకున్నా. అతను తన చర్చి వదులుకున్నాడమ్మా, నా కోసం.

అప్పుడు వెళ్ళా నేను రేంజ్‌కి. ఒక్కణ్ణే. ధర్మం గిర్మం ఏమైందని అడక్కు, చేతులు కాలాక ఆకులు. అక్కడి కుర్రాడెవరో ఎలా పట్టుకోవాలో చూపించాడు. కాల్చా. ఒక్కటి. కళ్ళ ముందు తెల్లగా అయిపోయింది. కాసేపు నా చెయ్యి నాకుందో లేదో తెలియలా. ఆరోగ్యంగా ఉన్న భుజం నాది. ఆ బల్ల మీద తల పెట్టుకుని ఇంకో పద్దెనిమిది లెక్కపెట్టా, ఒకటి తర్వాత ఒకటి, నోటితోనే, కాల్చకుండా. ఆ కుర్రాడు భయపడి, ఎవరికైనా ఫోన్ చెయ్యమంటారా అన్నాడు. ఎవరికి చేస్తాడు? నాకేదన్నా అయితే వచ్చేవాడు ఒక్కడే, వాడు పోయాడు.

అమ్మటానికి మనసు రాలా. విరగ్గొట్టడానికీ రాలా. జూడీ క్షమించింది, మీ ఆంటీ మర్చిపోమంటుంది. ఎట్లా మర్చిపోతానమ్మా. రాత్రి పడుకుంటే "గుడ్, మూర్తీ" అని వినపడుతుంది. ఒక్కసారి వెనక్కి తిరిగి అతని మొహం చూసుంటే... సరేలే.

ఆపు ఆ ఫోను. ఏంటి, కళ్ళు తుడుచుకుంటున్నావ్? పెద్దాడి దగ్గర కూర్చుంటే ఇదేనమ్మా బాధ. ఇలా రా, తల వంచు. ఉద్యోగం, గ్రీన్‌కార్డు, అవన్నీ వాటంతటవే వస్తాయి, వాటికి నా దీవెన అక్కర్లేదు. నీ ఎదురుగా కూర్చున్నవాళ్ళు నొప్పిగా ఉంటే నొప్పిగా ఉందని నీతో చెప్పుకోగలగాలి తల్లీ. అలా ఉండు. అంతే. అలా ఉండు.