సగం బిళ్ళ

మత్తు ఇంజెక్షన్లు మాన్పించే కేంద్రంలో, నాలుక కింద పెట్టిన బిళ్ళ పూర్తిగా కరిగేదాకా నర్సు ఎవర్నీ కుర్చీలోంచి లేవనివ్వదు. పెయింటరు లేచి నిలబడ్డాడు.

“నోరు తెరు.”

“కరిగిపోయిందక్కా.”

“అయితే తెరవడానికేం? ముత్యాలు రాలతాయా?”

“పనికెళ్ళాలి.”

“గోడలెక్కడికీ పోవులే. ఆ చేతిలో ఏంటి?”

“ఏం లేదు.”

“ఏం లేకపోతే గుప్పిటెందుకు? ఇలా తే చెయ్యి. విప్పు.”

“అక్కా...”

“సగం బిళ్ళ! అమ్ముకుంటున్నావా?”

“లేదు. ఒట్టు.”

“ఒట్టు తీసి గట్టున పెట్టు. ఎవరికిది?”

“మా ఆవిడకి.”

“తనూ పొడుచుకుంటుందా?”

“ఇద్దరికీ ఒక్కటే సూది ఉండేది.”

“మరి తనకి హెచ్‌ఐవీ పరీక్ష?”

“చేయించలేదు.”

“నీకు ఉందని తేలి ఆర్నెల్లయిందయ్యా!”

“అయింది.”

“అయిందట! నువ్వు మందులు మింగుతున్నావు, ఆవిడ మాత్రం గాలికి. ఈ సగం ముక్క నీకూ చాలదు, తనకీ చాలదు. ఇద్దరూ మళ్ళీ సూది దగ్గరికే చేరతారు.”

“తను ముట్టుకోక ఇరవై రోజులు.”

“నీ ఎంగిలి ముక్కతోనా?”

“తుడిచే ఇస్తా.”

“ఏం మనుషులయ్యా... తీసుకురావచ్చుగా?”

“రాదు.”

“సిగ్గా?”

“సిగ్గేం లేదు. ఒకసారి వచ్చింది.”

“ఇక్కడికా? ఎప్పుడు?”

“వానలప్పుడు. వణుక్కుంటూ నడిచొచ్చింది. ‘ఒంటిగంట దాటింది, మూసేశాం, రేపు రా’ అన్నారు.”

“మర్నాడు రావాల్సింది.”

“ఇంకో మాట కూడా అన్నారు.”

“ఏమని?”

“వదిలెయ్యండక్కా.”

“చెప్పు.”

“‘సూదికైతే టైముకే పోతావుగా’ అన్నారు. అందరూ ఉన్నారు. నవ్వారు.”

“ఛీ. ఆ మాటకి ఆవిడ ప్రాణం మీదకి తెచ్చుకుంటుందా? సరే, నేనే వస్తా మీ ఇంటికి. నచ్చజెప్పి తీసుకొస్తా.”

“వద్దక్కా.”

“ఎందుకొద్దు? నేను చెబితే ఎవరైనా వింటారు.”

“మీరు వద్దు. ఇంకెవరినైనా పంపండి.”

“నాకేమైంది? ముందు ఆ నోటి దురద ఎవరిదో చెప్పు. ఇక్కడ ఉండేది ముగ్గురం. ఇవాళే కడిగేస్తా.”

“పేరు తెలీదంది.”

“ఆనవాలు?”

“తలుపుకి తాళం వేస్తుంటే చెయ్యి చూసిందట. మణికట్టు మీద కాలిన మచ్చ.”

“ఏ చెయ్యి?”

“నా గుప్పిట పట్టుకున్నారే, ఆ చెయ్యేనక్కా.”