టైలుకు తలుపు

ఆ పొద్దున అబుదాబి మీద ఆకాశం ఇసుకపట్టి, తోమని ఇత్తడి చెంబులా ఉంది. కొత్త విల్లా వంటింట్లో టైల్స్ అంటిస్తున్న పీరా దగ్గరికి, కరెంటు పనిచేసే రాజలింగు తలొంచుకుని వచ్చాడు.

"పీరా, సింకు కింద టైలొకటి తియ్యాలె."

"నిన్ననే కదన్నా అంటించింది! ఎగతాళా?"

"లోపల గ్యాస్ పైపుకు ఎర్త్ తీగ కట్టిన గదా. పైపు మీది రంగు గీకుడు మర్చిన. రంగు మీద కడితే కట్టనట్టే."

"ఎవురు చూస్తారన్నా? రేపు మన మేనేజరు, ఆ ముదీర్, ఇంటోళ్లకు తాళాలిచ్చేస్తాడు, ఖలాస్."

"ఎవ్వలు చూడరు. ఎన్నడన్న ఆ పైపుకు కరెంటు పాకితే, తడిచేత్తోని పొయ్యి ముట్టినామె పాణం పోతది."

పీరా చేతిలో తాపీ ఆగింది.

"మా అక్క కువైట్‌లో ఇట్లాంటి వంటింట్లోనే పనిచేస్తా ఉండాదన్నా."

"ఎరుకే."

పీరా తాపీ మొనతో టైలును పగలకుండా ఊడదీశాడు.

"సందు ఇరుకు. నా చెయ్యి పోదు పీరా."

"నీది చెయ్యా, గడ్డపారా! నువ్వు చెప్పు, నేను గీకుతా."

"ఇనుము తెల్లగ మెరిసేదాక గీకు. ఇగ క్లాంపు బిగియ్యి."

రాజలింగు మీటరు పెట్టాడు. ముల్లు చటుక్కున ఎగిరింది; తీగ పైపుకు సరిగ్గా అందింది.

"అన్నా, దీన్ని మళ్లీ సిమెంటుతో మూయను. తలుపు మాదిరి రెండు మరలతో బిగిస్తా. ఎప్పుడన్నా పైపు చూసేవోడికి పగలగొట్టే పనుండదు."

"ముదీర్ అడిగితే?"

"తప్పు నీది, తెలివి నాది అంటా."

రాజలింగు ఆ పొద్దు మొదటిసారి నవ్వాడు. మధ్యాహ్నం ఇద్దరూ సిమెంటు బస్తా మీద కూర్చుని, ఒకే డబ్బాలో పప్పన్నం తిన్నారు. రాజలింగు మామిడి తొక్కు ముక్కను పీరా వైపు జరిపాడు.