ఎక్స్‌రే గది బయట బోర్డు

హూడిలో ఓ ఆసుపత్రి. చెయ్యి విరిగిన నాలుగేళ్ల కొడుకుని ఒళ్లో పెట్టుకుని భార్య ఎక్స్‌రే గది ముందు కూర్చుంది. భర్త నిలబడి తలుపు పక్కనున్న బోర్డు చదువుతున్నాడు.

“ఎక్స్‌రే అవసరమంటావా? రేడియేషన్ డేంజరని ఎంత పెద్దగా రాశారో చూడు.”

“ఒక్క ఎక్స్‌రేకే ఇంత భయమా? పోయిన నెల ఆఫీసులో ఫ్రీ అన్నారని, ఏ రోగమూ లేకుండా ఫుల్ బాడీ సీటీ స్కాన్ తీయించుకున్నావుగా. దాని ముందు ఇదెంత?”

“అది ప్రివెంటివ్. అది వేరే.”

“అవున్లే, నీ ఒంటికైతే రేడియేషన్ కూడా మర్యాదిస్తుంది.”

“వెటకారం ఆపు. లోపలికి పిలుస్తున్నారు. బాబు కదలకుండా ఒకరు పట్టుకోవాలట.”

“వెళ్లు మరి. రేడియేషన్ తగలకుండా సీసం కోటు ఇస్తారు.”

“నేనా? వాడు నీ దగ్గరైతే ఏడవడు. నువ్వెళ్లు.”

“ఆ బోర్డు మొత్తం చదివావా?”

“ఇందాకట్నించీ అదేగా చదువుతున్నా!”

“ఆఖరి లైను పైకి చదువు.”

“ప్రెగ్నెంట్ విమెన్ నాట్ అలౌడ్... అయ్యో, సారీరా. టెన్షన్లో...”

“మూడో నెల. చెప్పొద్దన్నా వినకుండా ఆఫీసంతా స్వీట్లు పంచింది నువ్వే. పట్టు, బాబుని ఎత్తుకో.”