సున్నం డబ్బీ

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి, గట్టిగా చెప్పుకునే సంగతి కాదిది. హగరి ఏరు దాటినాక ఒక చిన్న స్టేషను, మధ్యాహ్నం పన్నెండు దాటింది, బల్లారి ప్యాసింజరు ఇంకా రాలేదు. రేకుల కప్పు కింద బెంచీ మీద, ఆకూవక్కల సంచి ఒళ్ళో పెట్టుకొని ఉచ్చంగెమ్మ కూర్చుంది. రోజూ పట్టాల వెంట నడిచి బాగోగులు చూసే కీమ్యాన్ హొన్నూరుస్వామి ఆమె ముందు నిలబడ్డాడు. అతని సంచిలో పది ఉండవలసినచోట తొమ్మిదే ఉన్నాయి. ఏవన్నది వాళ్ళ నోటే వినండి.

“లేదంటే లేదప్పా! ఎన్నిసార్లు అడుగుతావు? యా డబ్బీ నేను చూడల్యా.”

“కోపం చేసుకోవద్దవ్వా. బాగ గ్యాపకం తెచ్చుకో. గుండ్రంగ ఉంటాది. రేకుది. అరచేతిలో పట్టేంత. పొద్దున ఈ బెంచీ మీదనే సంచి పెట్టుకోని రొట్టె తింటి.”

“తింటివి, సరే. డబ్బీలో ఏముండాది?”

“ఏముంటాది... సున్నం.”

“సున్నమా?”

“సున్నమేనవ్వా. సున్నం డబ్బీ.”

“ఏదీ, నోరు తెరు.”

“నోరెందుకు?”

“తెరుప్పా, పండ్లు పీకనులే. ఆఁ... చూడు, మల్లెమొగ్గల మాదిరి తెల్లగుండాయి. ఆకు నమలనోనికి సున్నమెందుకు? గోడలకు పూస్తావా?”

“అది... మా అమ్మది.”

“మీయమ్మ యాడుండాది?”

“కెంచనగుడ్డలో.”

“కెంచనగుడ్డలో ఉండే మీయమ్మ డబ్బీ నీ సంచిలోకి ఎట్లొచ్చె? ఆ యమ్మ సున్నం ల్యాకుండ ఆకు ఎట్ల నములుతాందో పాపం!”

“ఏందవ్వా, పోలీసు మాదిరి అడుగుతాండావు!”

“నువ్వు దొంగ మాదిరి వెతుకుతాంటే ఇంకెట్లడగాల? వచ్చినప్పట్నుంచి చూస్తాండా. నీళ్ళ తొట్టి కింద దూరితివి. టీ అమ్మే నాగేంద్ర పెట్టె కింద దూరితివి. ఇప్పుడు నా కాళ్ళ కాడికి వచ్చినావు. పొద్దున నారింజరంగు కోటు తొడుక్కోనుంటివి, అది యాడ పాయె?”

“ఎండకు తీసేసినా.”

“కోటు తీసి వెతుకుతాండావు. ఎవురికి కనపడగూడదని?”

“మెల్లగవ్వా, మెల్లగ మాట్లాడు.”

“ఎందుకు? సున్నమే గదా?”

“సున్నమే, కానీ...”

“ఆగు, గూడ్సు వస్తాండాది. దోణిమలై గనుల ఇనుప మట్టి. కండ్లు మూసుకో, దుమ్ము.”

“అవ్వా, నేనేం చెప్తాండానంటే...”

“వినపడల్యా! పోనీ దాన్ని.”

“...”

“...యాభై ఎనిమిది. ఆఁ, ఇప్పుడు చెప్పు.”

“గూడ్సు డబ్బాలు లెక్క పెట్టుకుంటా కూర్చుంటావా నువ్వు?”

“పొద్దు పోవాల గదప్పా. నువ్వు మాట మార్చొద్దు.”

“సరే, దండం పెడతా. నీ సంచి ఒక్కసారి చూస్తా, అంతే.”

“చెయ్యెయ్యి చూద్దాం! పోయినేడు బండిలో ఒకడు ఇట్లే, అవ్వా అవ్వా అని పక్కన కూర్చునె. నాకు కునుకు పట్టేలోగా కంచు చెంబు ఎత్తుకపాయె. వాడు నీకంటే తియ్యగ మాట్లాడినాడు. స్టేషను మాస్టరును పిలుస్తా ఉండు.”

“వద్దు! మాస్టరును పిలవొద్దవ్వా, నీ కాళ్ళు మొక్కుతా.”

“ఓహో. రైల్వే మనిషికి రైల్వే మాస్టరంటే భయమా? ఐతే ఏదో ఉండాది.”

“ఏం ల్యా. ఊరికె, ఆయప్పకు పని ఉంటాదని.”

“ఆ రూము కిటికీ అద్దాల్లోనుంచి చూడు, ఆయప్ప ఆవులిస్తాండాడు.”

“...అవ్వా, నీ చెయ్యి ఆ సంచిలోనుంచి ఒకసారి బయటికి తీయి. అప్పట్నుంచి అట్లే పెట్టుకోనుండావు. ఏం పట్టుకున్న్యావు?”

“డబ్బీ.”

“యా డబ్బీ?”

“సున్నం డబ్బీ. నీ ఒక్కనికేనా, నాకూ ఉంటాది. కానీ ఇదేందో కొత్త రకముండాది. రెండు పక్కల రేకు పట్టీలు యాలాడతాండాయి. మూత యాడుందో దేవునికే తెలియాల.”

“అవ్వా... అవ్వా, దాన్ని కదిలించొద్దు.”

“గోరు పెట్టి చూస్తాండా, రాల్యా. నీ కాలి కాడ ఆ రాయి ఉండాది చూడు, ఇట్లియ్యి. ఒక్క దెబ్బేస్తే మూత ఎగిరి పడతాది.”

“కొట్టొద్దు! నీకు పున్నెముంటాది, కొట్టొద్దవ్వా!”

“సున్నానికి ఇంత చెమట పడతాదా నీకు?”

“సున్నం గాదు.”

“మరేంది?”

“మందు.”

“ఏం మందు? కడుపునొప్పిదా?”

“పటాకి మందు. దెబ్బ తగిలితే పేలుతాది.”

“అంటే బాంబా?”

“ఉష్! ఆ మాట అనొద్దు తల్లీ. రైల్వే పటాకి అది. పట్టా యాడన్నా పగిలుంటే, అంత దూరం ముందరనే దీన్ని పట్టా మీద పెట్టి, ఆ రేకు పట్టీలు కిందికి మడిచి బిగిస్తాము. ఇంజను చక్రం ఎక్కంగానే ఢాం అంటాది. డ్రైవరు బ్రేకు ఏస్తాడు. బండి నిండ జనాన్ని కాపాడేది అది.”

“జనాన్ని కాపాడేదాన్ని తెచ్చి జనం కూర్చునే బెంచీ మీద రాలుస్తివి.”

“కావాలని రాలుస్తినా? సంచి గుండీ ఊడింది. మూడు దినాలాయె. వంగి రొట్టె తీసినప్పుడు జారినట్లుండాది.”

“మూడు దినాల కింద ఊడిన గుండీ ఎవురికీ చూపించల్యా?”

“చూపిస్తే, అప్పుడే చింపుకున్న్యావా అని తిడతారు. ఇప్పుడు దాని మాటెందుకు? నాకు పది ఉండాల, తొమ్మిదుండాయి. ఈ ప్యాసింజర్లోనే ఇన్స్పెక్టరు సాబు దిగుతాడు. సంచి తెరిచి ఒక్కొక్కటి చూస్తాడు. ఒకటి తక్కువైతే నా ఉద్యోగం పోతాది. చేరి ఏడు నెలలు గూడ కాల్యా.”

“మాస్టరుకు చెప్పల్యా?”

“లేదు.”

“మీ గ్యాంగోళ్ళకు?”

“లేదు.”

“పొద్దుట్నుంచి ఈ బెంచీ మీద ఎంతమంది కూర్చోని పోయిరో తెలుసా నీకు?”

“...తెలీదు.”

“నాకు తెలుసు. శరణమ్మ, చంకలో బిడ్డ. ఆ బిడ్డ మట్టిబెడ్డ దొరికినా నోట్లో పెట్టుకుంటాది. ఆమేలె కాలేజీ పిల్లోళ్ళు నలుగురు, కాలికి ఏం తగిలినా తన్నేవాళ్ళు. వాళ్ళల్లో ఎవురి కంటన్నా పడుంటే?”

“అందుకే గదవ్వా వెతుకుతాండేది!”

“వెతుకుతాండావు. ఏందని మాత్రం ఎవురికీ చెప్పల్యా. నాగేంద్రకు ఏమని చెప్తివి?”

“...సున్నం డబ్బీ అనే చెప్తి.”

“బాగుండాది! ఆ నాగేంద్ర ఆకు నములుతాడు. వానికి దొరికుంటే ఏం చేసుండేవాడు?”

“ఖరే చెప్తే ఏమవుతాదో నీకు తెలీదు. బాంబు బాంబు అని జనం పట్టాల మీద పడి పరిగెత్తుతారు. పేపర్లో నా బొమ్మ వస్తాది.”

“జనం సంగతి ఆమేలె. నీ బొమ్మ సంగతే నీకు బేజారు.”

“నువ్వెట్లన్నా అనుకో. డబ్బీ ఇయ్యి.”

“నీదేనని నాకేం నమ్మకం? నిమిషానికో మాట చెప్పేవానికి పేలే సామాను ఎట్లియ్యాల?”

“అవ్వా, ఆటలొద్దు. మాకు ట్రైనింగులో ఒక కథ చెప్పినారు. అది వింటే నువ్వే భయపడి ఇచ్చేస్తావు.”

“కథనా? చెప్పు, చెప్పు. నిలబడే చెప్తావా? కూర్చో. ఇట్ల గాదు, నాకు ఆ పక్కన.”

“శానా ఏండ్ల కింద, ఈ లైనులోనే ఒక కీమ్యాన్ ఉండె. ఆయప్ప పెండ్లాం వట్టి మొద్దుది.”

“ఊఁ.”

“మొగుని సంచిలోనుంచి ఇట్లాంటి పటాకిని దొంగిలించింది. సున్నం డబ్బీ అనుకోని.”

“ఊఁ.”

“మూత రాల్యా అని రోలు కాడ పెట్టి గుండురాయితో ఒకటి వడ్డించింది. ఢాం! రెండు వేళ్ళు ఎగిరిపాయె.”

“మొగునికి ఏమాయె?”

“ఏమీ కాల్యా. పెండ్లాం దొంగతనం చేస్తే ఆయప్పదేం తప్పని వదిలేసిరి. రిటైరయ్యేదాక చేసినాడంట. ఇంట్లో పెండ్లాం ఆకు నమిలేదైతే సంచికి బీగం ఏసుకోండ్రా అని మా మేస్త్రి ఇప్పటికీ అంటాడు. క్లాసులో అందరూ పడీపడీ నవ్విరి.”

“నువ్వూ నవ్వితివా?”

“...అందరూ నవ్విరవ్వా.”

“ఆ యమ్మ పేరేంది?”

“పేరెవురికి తెలుసు? కీమ్యాన్ యల్లప్ప పెండ్లాం అంటారు, అంతే.”

“వేళ్ళ లెక్క ఉండాది, పేరు లేదు.”

“అవ్వా, గంట కొట్టిరి! బండి ముందర స్టేషన్ వదిలింది. ఇంక పది నిమిషాలు. ఇయ్యవ్వా, నీ కొడుకనుకో.”

“ఇస్తా. ఇచ్చినాక ఏం చేస్తావు?”

“సంచిలో పెట్టుకుంటా. పది ఐతాయి. అయిపాయె.”

“ఊడిన గుండీ?”

“రేపు కుట్టించుకుంటా.”

“మాస్టరుకు చెప్పవా?”

“దొరికినాక చెప్పేదేముంది?”

“దొరికింది గాబట్టి చెప్పు. పోయిందని, దొరికిందని, గుండీ ఊడి మూడు దినాలని, అంతా చెప్పు. రేపు పట్టాకు యాడో బీటు కనపడితే, నిన్న ఎందుకు చూడల్యా అంటారని అది గూడ దాస్తావా?”

“పట్టా వేరే, ఇది వేరే!”

“దాచే మనిషి ఒక్కడే గదప్పా.”

“...నా ఉద్యోగం పోతే నువ్విస్తావా?”

“నేనివ్వలేను. నీ పక్కన నిలబడతా. డబ్బీ నేనే ఎత్తి పెట్టినా, ఎవురి చేతికీ పోల్యా అని సాబుకు చెప్తా. మెల్లగ నడిచేదాన్ని, చెయ్యి పట్టుకోని తీసుకపోవాల నువ్వు.”

“అవ్వా, కూత వినపడె!”

“బండి వస్తాండాది, హొన్నూరుస్వామీ.”

“...సరే. చెప్తా. ఖరేగ చెప్తా. నువ్వు రావాల.”

“ఎవురి మీద ఒట్టు?”

“మా అమ్మ మీద.”

“కెంచనగుడ్డ అమ్మ ఉండేది మాత్రం ఖరేనా?”

“ఖరే అవ్వా! ఆ యమ్మ ఆకు నమలదు, అంతే.”

“ఐతే పట్టుకో. రెండు చేతులు పట్టు. మెల్లగ... ఆఁ.”

“అవ్వా... నీ చెయ్యి... ఈ వేళ్ళు...”

“మూడు. రెండంటివి నువ్వు. మీ మేస్త్రికి లెక్క రాదు.”

“నువ్వు...”

“ఉచ్చంగెమ్మ. యల్లప్ప పెండ్లాన్ని.”

“ఐతే ఇది ఏందని నీకు మొదట్నుంచీ తెలుసు!”

“బెంచీ కింద కనపడంగానే తెలిసె. ఆ శరణమ్మ బిడ్డ అప్పుడే కిందికి దిగుతాంటే, ఎత్తి సంచిలో ఏసుకున్న్యా. ఎవురో ఒకరు వెతుక్కుంటా వస్తారు, ఏమని అడుగుతారో చూద్దామని కూర్చోనుండా.”

“నేను నవ్వింటి అవ్వా. తప్పాయె. ఆ కథకు నేను గూడ నవ్వింటి.”

“నవ్వు పోనీలే. నడుచుకుంటా విను, నా నడకకు మాస్టరు రూము దూరమే. ఆ యమ్మ దొంగిలించల్యా. దొంగిలించిందని సాబులకు చెప్పింది మొగుడే. అవునని తల ఊపింది ఆమె, మొగుని ఉద్యోగం నిలవాలని.”

“ఇన్నేండ్లు ఎవురికీ చెప్పల్యా?”

“ఆయప్ప పోయి మూడేండ్లాయె. ఇంక యా ఉద్యోగం కాపాడాల నేను? కథ మార్చుకోని నేర్చుకో. మీ గ్యాంగులో చెప్పు, నీ తర్వాత చేరేవాళ్ళకు చెప్పు, వాళ్ళు ఇంకొకరికి చెప్పాల. ఒక్క మాట గూడ వదలొద్దు. పోగొట్టుకున్న పటాకిని పట్టా మీద పేల్చినానని అబద్ధం లెక్క చెప్పినాక అది దొరికితే, తిరిగిచ్చేకి భయపడి మొగుడే దాన్ని ఇంటికి తెచ్చి గూట్లో పెట్టె. పెండ్లాం మొద్దుది గాదు, ముట్టుకోకముందే అడిగింది, ఇదేందయ్యా అని. సున్నం డబ్బీలేవే, వాడుకో అన్నాడు.”