గడప దాటని కాలు

మీ తాత గడప కాడ కాలు రానట్టు నాటకమాడతా ఉండాడని మీకెవరు చెప్పినారప్పా? మీ నాయనేనా? తల దించుకోవాకు మునిలక్ష్మీ, తప్పు నీది కాదు.

సరే, మీ అవ్వ ఇస్కూల్లో పిల్లకాయలకు చెప్పినట్లే చెప్తా. జట్కా చూసినారు గదా? గుర్రానికి ఎప్పుడూ ఉరకాలనే ఉంటుంది. తోలే సాయిబు కళ్ళెం బిగబట్టి ఉంటాడు, వదిలితేనే అడుగు పడేది. మెదడూ అంతే. కాలూ చెయ్యీ అన్నిటినీ బిగబట్టి, కావాల్సినదానికి మాత్రం వదులుతుంది. మీ తాతకు ఆ వదిలే పని చెడింది. కాలు చచ్చుపడలేదు, పోవాలని మనసుకూ ఉండాది. కళ్ళెమే వదలదు. ఇది ఆసుపత్రి డాక్టరు చెప్పిన మాట, నా కల్పన కాదు.

మరి ముగ్గెట్లా దాటతాడంటావా పిల్లప్పా? మంచి ప్రశ్న. మీ నాయన అడిగింటే బాగుండు. దోవలో గుంత కనబడితే సాయిబు చెప్పకుండానే గుర్రం దాటేస్తుంది గదా? మీ తాతా అంతే, మగ్గం దిగి వాకిట్లోకి పోయినప్పుడంతా, జీవితమంతా, ముగ్గు తొక్కకుండా దాటిన మనిషి. గీత కంటబడితే కాలు దానంతటదే లేస్తుంది. అందుకే నేను గడప గడపకూ గీతలు పెట్టేది. మీ అమ్మకు అది నా చాదస్తం.

నిన్న మీ తాత వాళ్ళ నాయన తద్దినం. ఆ పూట ముగ్గు పెట్టకూడదని నాకు తెలీదా? సుద్దముక్కతో ఒక్క గీత గీస్తానంటిని. "గీతైనా ముగ్గేనమ్మా" అని మీ నాయన ముక్క లాక్కున్నాడు. విమానాల ఫ్యాక్టరీలో ఇంజన్లు బిగించే మనిషి ఆయన.

మడిపంచె కట్టుకుని మీ తాత గడప ముందర నిలబడిపోయినాడు. లోపల అయ్యవారు పిలుస్తా ఉండాడు, పిండాల అన్నం ఆరిపోతా ఉండాది. "మొన్న ముగ్గు దాటలేదా నువ్వు? పదిమందిలో నన్ను నగుబాటు చేసేకి నిలబడినావు" అని, మీ నాయన పోయి మీ తాత కూర్చోవాల్సిన పీట మీద కూర్చున్నాడు. కన్నతండ్రి బతికుండగా కొడుకు ఆ పిండాలు పెట్టకూడదు. పెట్టినాడు. అయ్యవారు ఏదో సర్దుకున్నాడు. తండ్రేమో ఎదురుగా నిలబడి చూస్తా ఉండాడు. నిలబడిన చోటే పంచె తడిసిపోయింది.

నిన్నట్నుంచి ఆయన నోట మాట లేదు. అదీ రోగమేనా అంటావా? కాదమ్మా. పొద్దున కాకిని గట్టిగానే అదిలించినాడు. మీ నాయన లోపలికి రాంగానే నోరు మూసుకున్నాడు. ఇది రోగం ఆపింది కాదు, ఆయన ఆపుకున్నది.

ఎన్నాళ్ళని నన్నడగొద్దు. పక్కకు జరగండి, ఆ పంచె ఇంకా నానతానే ఉండాది, జాడించి ఆరెయ్యాల.